మార్కులకంటే ముందు మొగం చూసిన అత్త

పోయిన వారం కుప్పం బడిలో పాఠం చెబుతుండగా మా నాయన ఫోన్ చేశాడు. "అత్త పోయిందమ్మా" అన్నాడు. పుంగనూరులో ఉండే మా మేనత్త, నాయనకు అక్క, నిద్రలోనే వెళ్లిపోయింది.

చౌడేపల్లె దగ్గర కూలికి పోయే మా ఇంట్లో మొదట నెల జీతం అందుకున్న మనిషి ఆమె. లెక్కల టీచరు. తమ్ముణ్ని చదివించి ఉద్యోగస్తుణ్ని చేసింది. చదువు విలువ ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. హోంవర్కు ఎగ్గొడితే ఎవరి బిడ్డనైనా గుమ్మంలోనే నిలబెట్టేది. అయినా మార్కుల కాగితం పట్టుకుని వెళితే పక్కన పెట్టేసి, "మార్కులు యాడికీ పోవు, ముందు మొగం సూడనీ" అనేది. గడ్డం పట్టుకుని నిజంగానే చూసేది.

నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండి డాక్టరు సీటు కోసం చదువుతున్న రోజుల్లో, ఒక ఆదివారం నన్ను చూడటానికి వచ్చింది. అప్పటికే నాకు తిండి సయించడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. ఆమె తెచ్చిన ఓళిగ, అదే బొబ్బట్టు, తుంచి, నోట్లో పెట్టుకోకుండా అలాగే కూర్చున్నాను. అత్త గడ్డం పట్టుకుని నా మొగం చూసింది. వార్డెన్‌తో మాట్లాడి, నా పెట్టె సర్ది, పుంగనూరు బస్సెక్కించింది.

సాయంత్రానికల్లా నాయన వచ్చాడు.

"యాల తోడుకొచ్చినావక్కా? దాన్ని డాక్టర్ని సేయల్లని నేనెంత కల కంటినో నీకు తెలవదా?"

"తెలుసప్పా. కల కనేది నువ్వు. నిద్రలేక సస్తాండేది బిడ్డ" అంది అత్త. "నిన్ను సదివించింది నేనే గదా, ఒక్క పొద్దన్నా నిన్నిట్ల ఎండబెట్టినానా?"

నాయన వచ్చి నా పక్కన కూర్చుని, "నీకేం సదవల్లని ఉండాదమ్మా?" అని మొదటిసారి అడిగాడు. తెలియదన్నాను.

"నిదానంగా తెలుసుకుంటాది. సదువు మాత్రం నేను మాననీను" అని అత్త తేల్చేసింది.

మాననివ్వలేదు. ముందు డాక్టరుకు చూపించింది, కడుపునిండా తిననిచ్చింది, నిద్రపోనిచ్చింది. ఆ తర్వాత అక్కడే కాలేజీలో చేర్పించి, రోజూ పక్కన కూర్చుని లెక్కలు చేయించింది. ఒకరోజు మొండి లెక్క ఒకటి తెగేసరికి నాకు పట్టలేని నవ్వొచ్చింది. అత్త వెంటనే ఫోన్ తీసి, "రేయ్, నీ కూతురు నగుతాండాది, ఇనుకో" అని నా ముందు పెట్టింది. అవతల నాయన ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

ఆ లెక్కలే నా బతుకుదెరువయ్యాయి. కుప్పంలో ఉద్యోగం వచ్చినప్పుడు నాయన ఊళ్లో కనిపించినవాళ్లందరికీ, "మా అక్క మాదిరే లెక్కల టీచరప్పా" అని చెప్పుకుని తిరిగాడు. డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు.

అత్తను సాగనంపి వచ్చిన సాయంత్రం ఆమె ఇంటి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. రోజూ అరుపులతో బంతాట ఆడే పిల్లలు గోడవారన బిక్కమొహాలతో నిలబడ్డారు. నాయన బయటికి వెళ్లాడు.

"యాల నిలిపేసినారు? ఆడుకోండప్పా. మా అక్క ఏమీ అనుకోదు."

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక పాప మెల్లగా బంతి విసిరింది. కాసేపటికి వీధిలో దుమ్ము లేచింది, అరుపులు లేచాయి. తెరిచిన తలుపులోంచి ఆ సందడంతా అత్త లేని ఇంట్లోకి వస్తుంటే, నాయన మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కరి మొగమూ చూస్తూ ఉండిపోయాడు.