తెర అవతలి చప్పుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు! నా పేరు యాదయ్య, ఇరవై ఏళ్లకు పైగా బోరు బండి నడుపుతున్నవాణ్ని, దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా నేను బోరు దింపని ఊరు తక్కువ. కంప్రెషర్ పక్కన బతికినవాడికి గొంతు పెద్దదవుతుంది కాబట్టి ఈ మైకు నాకు అక్కర్లేదు. నా జీవితంలో అన్నిటికన్నా చీకటి గంట గురించి ఈ రోజు చెప్పాలి, అది పట్టపగలు, తెల్లటి లైట్ల కింద, ఆపరేషన్ బల్ల మీద వచ్చింది!

పోయిన ఎండాకాలం, బండి మీది నుంచి ఇనుప రాడ్లు దించుతుంటే ఒకటి జారి నా కుడికాలి మీద పడింది, మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. పాలమూరులో ఒక దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు గారు కాలి ఎక్స్‌రే చూసి తల ఊపారు, ఛాతీ ఎక్స్‌రే చూసి మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నీ ఊపిరితిత్తుల నిండ బోరు దుమ్మే ఉన్నది యాదయ్యా. మొత్తం మత్తిస్తే నీకు కష్టమైతది. నడుముకు సూది ఇస్తం, కింద మొద్దువారుతది, పైన నువ్వు మేలుకొనే ఉంటవ్" అన్నారు. మేలుకొనే అన్న మాట వినగానే నాకు భయం పట్టుకుంది, కానీ బయటపడతానా? బండలు పగలగొట్టినవాణ్ని, నాకు భయమేమిటని మీసం తిప్పాను!

నా భార్య సువార్తమ్మ మీ అందరికీ తెలుసు, పదేళ్లుగా ఈ మందిరానికి వస్తున్నది, నేనేమో ఆమెను గేటు దగ్గర దించి చాయ్ హోటల్‌కు పోయేవాణ్ని. ఆ రోజు లోపలికి తీసుకుపోయే ముందు ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, గీ తలుపు దాటి నేను రాలేను, నువ్వు పో ఈయన ఎంట" అని ప్రార్థన చేసింది. నేను నవ్వి, "నీ దేవున్ని గూడ దవాఖాన బట్టలేసుకొని రమ్మను" అన్నాను. సహోదరులారా, ఆ మాట అన్న నోటితోనే ఈ రోజు సాక్ష్యం చెప్తున్నాను!

లోపల నన్ను కూర్చోబెట్టి, వీపు వంచి, చల్లటి మందు పూసి నడుముకు సూది ఇచ్చారు. ముందు కాళ్లు వెచ్చబడ్డాయి, తరువాత బరువెక్కాయి, ఆ తరువాత అసలు లేనట్టే అయ్యాయి. ఎవరో ఒక కాలు పైకెత్తి పట్టుకున్నారు, అది నా కాలే అని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది! ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ తెర కట్టారు. వేలికి తగిలించిన క్లిప్పు నుంచి మిషన్ టిక్కుటిక్కుమంటోంది, నాకు భయమేసినప్పుడల్లా అది పరుగెత్తుతోంది, నేను ఎంత ధైర్యంగా ముఖం పెట్టినా ఆ మిషన్ నా గుట్టంతా బయటపెట్టేసింది.

అప్పుడు మొదలైంది సహోదరులారా, తెర అవతల డ్రిల్లు చప్పుడు! వేరేవాళ్లకైతే అది ఏదో చప్పుడు. నాకు? ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు విని అన్నం తిన్నవాణ్ని! మట్టిలో దిగుతోందా, బండను కొరుకుతోందా, రాడ్ కొసకుండే బిట్టు ఇరుక్కోబోతోందా, కళ్లు మూసుకొని చెప్తాను. నా ఎముకలో దిగుతున్న డ్రిల్లు గొంతు మారింది, మూలిగింది, చటుక్కున ఆగింది. ఇంకేముంది, నేను ఎక్కడున్నానో మరిచిపోయి, "ఆపుండ్రి! బిట్టు ఇరికింది! గాలి కొట్టి పైకి లేపుండ్రి!" అని అరుస్తూ లేవబోయాను!

మత్తు డాక్టరమ్మ నా తల దగ్గరే నిలబడి ఉంది, రెండు చేతులతో భుజాలు పట్టుకుంది. "అన్నా, లెవ్వకు! సార్ చెయ్యి ఆపిండు చూడు. నువ్వు గిట్ల కదిలితే నిన్ను మొత్తం నిద్ర పుచ్చాలె, నీ ఊపిరితిత్తులకు అది మంచిది గాదు" అన్నది. బిట్టు ఇరికి ఆగలేదు, డ్రిల్లు మొన మార్చడానికి సారే ఆపారట. అయినా నా వణుకు తగ్గలేదు. కదలకుండా పడుకోవాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది, కానీ పడుకోవడం నా చేతిలో లేదు! "మేడం, ఏం కనవడ్తాంది? చెప్పుండ్రి, ఏం కనవడ్తాంది?" అని అడిగాను.

ఆ మాట నా నోటి నుంచి రాగానే ఎప్పుడో విన్నట్టనిపించింది. ఎందుకంటే అది నా మాట కాదు, ఎల్లవ్వ మాట! కొన్నేళ్ల కింద అమ్రాబాద్ దిక్కు ఒక ముసలమ్మకున్న మెట్ట చెలకలో బోరు వేశాను. ఆమె గట్టు మీద కూర్చొని, రాడ్ దిగినప్పుడల్లా "ఏం కనవడ్తాంది బిడ్డా? తడేమన్న తగిలిందా?" అని అడిగేది. నాలుగోసారి నేను, "నోర్మూసుకొని కూసో ముసల్దానా!" అని కసిరాను. ఆ బోరులో నీళ్లు పడలేదు. ఆ మాటైనా ఆమెకు చెప్పకుండా కంప్రెషర్ ఆపేసి, రాడ్లు ఎత్తుకొని వచ్చేశాను. కంప్రెషర్ ఆగిన చప్పుడు వినే ఆమె తన పంట పోయిందని తెలుసుకున్నది. ఆ గట్టు మీద ఎట్లా ఉంటుందో నాకు బల్ల మీద తెలిసింది, నేను సిగ్గుతో ఏడ్చాను.

నాకు ప్రార్థన రాదు. వచ్చినట్టు చేశాను: "సువార్తమ్మ దేవుడా! నేను ఎల్లవ్వను ఒంటరిగ కూసోబెట్టిన, తప్పయింది. నన్ను గట్ల కూసోబెట్టకు. తెర అవతల ఏమైతాందో నాకు కనవడ్తలేదు, నీకు కనవడ్తాంది. జర నా ఎంట ఉండు, నన్ను కసురకు!"

ఆకాశం నుంచి గొంతు రాలేదు సహోదరులారా. ఆ డాక్టరమ్మ వంగి, నా చెవి దగ్గర మెల్లగా, "అన్నా, ఫికర్ చెయ్యకు, ఏ చప్పుడైనా ముందుగాల నేను చెప్త. ఇప్పుడు సుత్తె దెబ్బలుంటయ్, బల్ల ఊగుతది, నొప్పి ఉండదు" అన్నది. అట్లాగే సుత్తి మోగింది, బల్ల ఊగింది, నొప్పి లేదు! నేను ఎన్నడూ ఎవరికీ ఇవ్వని జవాబును నా దేవుడు ఆమె నోట నాకు ఇచ్చాడు! మిషన్ పరుగు తగ్గింది. నా చేతులు వదులయ్యాయి. ఆమె చెప్పడం, నేను తల ఊపడం, చివరికి నేనే, "గట్టి బండ తగిలినట్టుంది మేడం" అంటే, తెర అవతల నుంచి సార్, "లేదన్నా, మంచిగనే దిగుతాంది" అని నవ్వారు. మిగిలిన గంటసేపు నేను ఒక్క వేలు కూడా కదిలించలేదు. హల్లెలూయ!

కర్ర సాయంతో నడవగలిగిన మొదటి వారమే బస్సెక్కి ఎల్లవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, నిన్ను తిట్టిపోయిన బోరు యాదయ్యను నేనే, మన్నించు" అన్నాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నది. "నీళ్లు పడకుంటె భూమిని తిట్టుకున్న బిడ్డా, నిన్ను తిట్టుకోలే. ఒక్క మాట చెప్పకుంట పోతివి, గదే మనసుల ఉండిపోయింది" అన్నది. తరువాత నా కాలి మీద చెయ్యి వేసి, "ఇంకా నొస్తాందా?" అని అడిగింది. నేను అక్కడే, ఆమె వాకిట్లో, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఇప్పుడు మళ్లీ బండి ఎక్కాను, ముక్కుకు గుడ్డ కట్టుకునే ఎక్కుతున్నాను. ప్రతి రాడ్ దిగినప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ల దగ్గరికి నడిచిపోయి చెప్తున్నాను: గిది ఎర్రమట్టి, గిది బండ, ఇంకా తడి లేదు, జర సైసుండ్రి, ఓపిక పట్టుండ్రి. నీళ్లు పడకపోతే ఆ మాట వాళ్ల పక్కన కూర్చొని చెప్తున్నాను. ఈ మందిరం గేటు దగ్గర ఇప్పుడు నేను చాయ్‌కి పోవడం లేదు, లోపలికే వస్తున్నాను.

ముందు వరుసలో మన సహోదరి ఒకామె కూర్చున్నది, వచ్చే వారం ఆమెకు మోకాలి ఆపరేషన్, నాలాగే మేలుకొని ఉంటుంది. అమ్మా, భయపడొద్దని నేను చెప్పను, నేను భయపడ్డాను కదా! భయమేస్తే అడుగు. పక్కన నిలబడ్డ డాక్టరమ్మను అడుగు, తెర అవతల చూస్తున్న దేవుణ్ని అడుగు, నాలుగుసార్లు కాదు, నలభైసార్లు అడుగు. నన్ను బతికించి నడిపించిన ఆయనకే సమస్త మహిమ! ఎల్లవ్వను నేను నోరు మూసుకోమన్నాను. నా దేవుడు మాత్రం నన్ను ఆ మాట అనలేదు, నిన్నూ అనడు. ఆమేన్.