పోచారం మత్తడి కబురు

ఇవాళ తెల్లవారుతుండగా తడిసిన గడ్డి వాసనతో పాటు ఆ చప్పుడు ఇంట్లోకి వచ్చింది. కల్లంలో ఎవరో ఆపకుండా వడ్లు కుమ్మరిస్తున్నట్టుంటుంది ఆ చప్పుడు. పొయ్యి ముట్టించేలోపే ఫోను మోగింది. కామారెడ్డి నుంచి ఎవరో ఒకామె. "అవ్వా, పోచారం మత్తడి దుంకుతున్నదట గదా. పిల్లలను తీస్కొని రావాల్నా?" అని అడిగింది. చప్పుడు నా చెవిలోనే ఉంది. అయినా "జర ఆగు బిడ్డా, చూసొచ్చి చెప్త" అన్నాను. చెప్పులు వేసుకుని కట్ట వైపు నడుస్తుంటే, నీరటి సాయిలు బాపు నా ముందు నడుస్తున్నట్టే అనిపించింది.

చూడనివాళ్ళకు చెప్పాలి. మా వైపు వాళ్ళకు సముద్రం చాలా దూరం. దాన్ని చూడకుండానే ముసలివాళ్ళయినవాళ్ళు ఎందరో. మాకు పోచారమే సముద్రం. నిజాం కాలంలో వాగుకు అడ్డంగా రాతితో కట్టిన ప్రాజెక్టు ఇది. పక్కనే అడవి, అడవిలో జింకలు. నీళ్ళు నిండాక మిగిలినవి బయటికి పోవడానికి కట్టిన పొడుగాటి రాతిగోడను మత్తడి అంటాం. దాని మీంచి నీళ్ళు దుంకిన రోజున మెదక్, ఎల్లారెడ్డి, కామారెడ్డి అన్నీ మా కట్ట మీదే ఉంటాయి. ఊరంతా బాపు అని పిలిచే సాయిలు ఇక్కడ నీరటి. తూము తెరిచి, మూసి, కింది పొలాలకు నీళ్ళు పంచే పని ఆయనది, తాతల నుంచి వచ్చిన పని. మత్తడి దుంకిందని ఆయన నోటితో చెబితేనే జనం నమ్మేవారు.

నేను లింగంపేట నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. చదువు రెండో తరగతితోనే ఆగింది, బీడీలు చుట్టడం తప్ప ఏ పనీ తెలియదు. కట్ట మీద మక్కకంకులు కాల్చి అమ్మడం ఇక్కడికొచ్చాకే మొదలుపెట్టాను. బాపు నా పొయ్యి పక్కన కూర్చుని వచ్చినవాళ్ళతో ముచ్చట పెట్టేవాడు. "ఇది ఎవరు కట్టిండ్రు తాతా?" అని ఎవరైనా అడిగితే, "కట్టుమన్నది నిజాం, కట్టింది మా తాత" అనేవాడు. వాళ్ళు నవ్వితే ఒక పెద్ద రాయిని చూపించేవాడు. "గసొంటి రాయి మోసే మా తాత భుజం వంకరపోయింది. మా అవ్వ సున్నం మోసింది. గివన్ని బోర్డు మీద రాయరు బిడ్డా, నేను చెప్పాలె."

ఒక వానాకాలం, శనివారం పొద్దున, ఈదురుగాలి వీస్తోంది. కట్ట మీదికి పోయి చూస్తే మత్తడి మీంచి నీళ్ళు తెల్లగా పడుతున్నాయి. నా సంబరం పట్టలేకపోయాను. ఎల్లారెడ్డి పోయే బస్సును ఆపి కండక్టరుకు చెప్పాను. "ఎవరు చెప్పిండ్రు, నీరటాయనేనా?" అన్నాడతను. "ఆఁ" అనేశాను. నా మాట ఎవరు నమ్ముతారని.

ఆదివారం పొద్దెక్కేసరికి జీపులు, ఆటోలు, సద్దిమూటలు, పిల్లలు. గాలి ఆగిపోయింది. నీళ్ళు మత్తడికి జానెడు కిందే కదలకుండా ఉన్నాయి. గోడ ఎండి ఉంది. "ఏడున్నదవ్వా మత్తడి? నీ కంకుల పొయ్యిల దాచినవా?" అన్నాడొకడు. ఎల్లారెడ్డి నుంచి బిడ్డను భుజం మీద ఎత్తుకొచ్చిన బడి సారు మాత్రం నవ్వలేదు. "నీరటాయన చెప్పిండంటెనే వచ్చినం. ఆ పెద్దాయన గూడ గిట్ల చెప్పవట్టెనా?" అన్నాడు. పొయ్యి మీద కంకి మాడిపోతున్నా నాకు తెలియలేదు.

అంతలో బాపు వచ్చాడు. సారు మాట విన్నాడు, నా ముఖం చూశాడు. "తప్పు మాదే సారూ, మత్తడి దుంకలే" అన్నాడు. మాదే అన్నాడు, ఆమెది అనలేదు. "దుంకినప్పుడు నీళ్లే కనవడతయి. గోడ కనవడేది గిట్లున్నప్పుడే. రండ్రి, చూపిస్త." అందరినీ కట్ట కిందికి తీసుకుపోయాడు. ఉలి దెబ్బలు చేతితో తడిమి చూడమన్నాడు. నిజాం వేటాడిన అడవి ఇదేనని చెప్పి, జింకలు నీళ్ళకు దిగే చోటు చూపించాడు. పొద్దు వాలేదాకా ఎవరూ కదల్లేదు. పోయేటప్పుడు సారు, "మత్తడి కోసం మల్లొస్తం" అన్నాడు.

అందరూ వెళ్ళాక, "నీ పేరు చెప్పిన బాపూ" అని ఏడ్చాను.

"తెలిసింది. నీళ్లు చూసినవు గని గాలిని చూడలే. గాలి కొడితే అలలు గోడ దాటి పడతయి. గాలి ఆగినంక తూము కాడ మునగని మెట్లు ఎన్నున్నయో చూడాలె. ఆఖరి మెట్టు మునిగితెనే మత్తడి దుంకినట్టు. రేపటిసంది నువ్వే చూసొచ్చి నాకు చెప్పు."

అది శిక్ష అనుకున్నాను. రోజూ తెల్లవారగానే పోయేదాన్ని. "ఎన్ని మెట్లున్నయే?" "నాలుగు బాపూ." "గాలున్నదా?" "లేదు." అప్పుడు గానీ చాయ్ తాగేవాడు కాదు.

ఏళ్ళు గడిచాయి. బాపు కళ్ళకు పొర కమ్మింది. ఒకరోజు మళ్ళీ అలాంటి గాలే. మత్తడి మీంచి నీళ్ళు పడుతుంటే జనం ఒకటే కేకలు. ఆ సారు తల నెరిసి, మనవడితో వచ్చాడు. "దుంకినట్టేనా బాపూ?" అని అడిగాడు.

"నన్నడుగుతవేంది సారూ, ఆమెనడుగు. ఇగ ఈడ నీరటి ఆమెనే."

నా ముందు గంపెడు కంకులున్నాయి, దుంకిందంటే అన్నీ అమ్ముడుపోతాయి. అయినా "దుంకలే సారూ, అది గాలి. ఇంకొక మెట్టున్నది. ఎల్లుండి పొద్దుగాల రండ్రి" అన్నాను.

"కండ్ల ముంగట పడుతుంటే లేదంటదేంది ఈమె" అని పక్కవాళ్ళు నవ్వారు. సారు మాత్రం అక్కడే కూర్చున్నాడు. సాయంత్రానికి గాలి తగ్గింది. తెల్లటి నీళ్ళు పలచబడి, చుక్కలై, ఆగిపోయాయి. చూడలేని బాపు చెవి పెట్టి విన్నాడు. "ఆగిందా?" "ఆగింది బాపూ." "అయితె ఒక కంకియ్యి." "పండ్లు లేవు గదా నీకు?" "వాసన చూస్త తియ్యి." కంకి చేతిలో పట్టుకుని కూర్చున్న ఆ ముఖంలోని గర్వం నాది కూడా అనిపించింది. ఎల్లుండి పొద్దున మత్తడి దుంకింది. మనవడిని భుజం మీద ఎత్తుకుని సారు మళ్ళీ వచ్చాడు.

బాపు పోయి చాలా కాలమైంది. ఇవాళ తూము దగ్గర నిలబడి చూశాను. ఆఖరి మెట్టు మునిగింది. కట్ట మీద గడ్డిపోచ కదలడం లేదు. కామారెడ్డి బిడ్డకు ఫోను చేశాను. "దుంకింది బిడ్డా, పిల్లలను తీస్కొని రా."

"మావోళ్లు నమ్మరవ్వా. ఎవరు చెప్పిండ్రని చెప్పాలె?"

"నేనే చూసిన, నేనే చెప్తున్న అని చెప్పు" అన్నాను.