ఈగలమ్మ

ఆ బడి సైన్సు ల్యాబులో అటెండరుగా పనిచేసే ఆవిడను అందరూ ఈగలమ్మ అంటారు. ఆవిడా నవ్వుతూ పలుకుతుంది. ఇరవై ఏళ్లుగా గుండుసూదులకు గుచ్చిన పురుగుల పెట్టెలు తుడిచి తుడిచి, బతికున్నదాన్ని దగ్గరగా చూడాలనిపించి పాత కెమెరా ఒకటి కొనుక్కుంది. లెన్సు తిరగేసి టేపుతో బిగిస్తే ఈగ ఏనుగంత కనబడుతుందని తనే కనిపెట్టింది. రోజూ గంట ముందే వచ్చి, పురుగులింకా రాత్రి చలికి బద్ధకంగా ఉండగానే, మెట్ల పక్క పూలకుండీ ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది. మోచేతులు డొక్కలకు అదిమి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి ముందుకు వంగుతూ మీట నొక్కుతుంది. నూటికి తొంభైతొమ్మిది మసకే. ఏది ఎందుకు చెడిందో నోటుపుస్తకంలో రాసుకుని, మర్నాడు మళ్లీ హాజరు.

“ఎందుకమ్మా ఈ తిప్పలు? ఈగను పట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు, కదలకుండా కూర్చుంటుంది” అన్నారు సైన్సు టీచరు. ఒకసారి పెట్టింది. ఫోటో అద్దంలా వచ్చింది. స్టాఫ్‌రూమంతా ఆహా అంది. ఈగలమ్మ మాత్రం ముడుచుకుపోయిన ఆ కాళ్లనే చూసి, “ఇది మన పెట్టెలోదానిలా ఉంది టీచర్” అని అక్కడికక్కడే చెరిపేసింది. ఈగ తేరుకుని ఎగిరిపోయేదాకా కాపలా కూర్చుంది. మళ్లీ కుండీ, మళ్లీ మోకాళ్లు. నెల తిరిగాక ఒక పొద్దున పరుగున వచ్చి కెమెరా చూపించింది. ఈగ కళ్లు గళ్లుగళ్లుగా, తేటగా ఉన్నాయి. “బాగుంది గానీ, ముందుకాళ్లు మసకగా పడ్డాయే?” అన్నారు టీచరు.

“పడవా మరి! అది మొహం కడుక్కుంటోంది టీచర్” అంది ఈగలమ్మ.