నానిన నువ్వుగింజ

మా అత్తమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మా ఇంట్లో పాలు విరిగితే, మధ్యాహ్నానికల్లా బీదర్ గంజ్ బజారులో మా ఆయన కిరాణా కొట్టుకు వచ్చిన బేరగాళ్లు కూడా ఆ పాల సంగతి అడుగుతారు. అందుకే, ముసురు రోజుల్లో వచ్చిన జ్వరం తగ్గాక నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగి రాలేదని ఆమెకు చెప్పలేదు. ఆమెకు చెబితే ఊరికి చెప్పినట్టే.

డాక్టరు ఒక్కడికే తెలుసు. "వస్తది, ఆగాలె" అన్నాడు. నాలుగు నెలలు ఆగాను. ఏడుపన్నా రావాలి కదా, అదీ రాలేదు. అన్నం తింటే మెత్తగా ఉందని, చాయ్ తాగితే వేడిగా ఉందని తెలిసేది, అంతే. మనసు కూడా నాలుకలాగే మొద్దుబారిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది పొయ్యి ఒక్కటే. రుచి తెలియని మనిషి చేతికి గరిటె ఎవరిస్తారు? అందుకని నోరు మూసుకుని, చేతి అలవాటు మీద ఉప్పూ కారం వేస్తూ వచ్చాను. వంకలు పెట్టడంలో అందె వేసిన చెయ్యి మా అత్తమ్మ. ఆమె కూడా ఏమీ అనలేదు. నా చేతి అలవాటు అంత గట్టిదని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఈలోగా మా ఆయనకు షుగర్ ఉందని తేలింది. రోజూ పచ్చి కూరగాయలు తినమన్నారు. "నేనేమన్న మేకనా?" అంటూ కీర ముక్కలు పక్కకు నెట్టేవారు. జపాన్‌వాళ్లు నువ్వులు నూరి, ఆ ముద్దను క్యాబేజీ మీద, కీర మీద పోసుకుంటారని ఫోన్లో చూశాను. చేద్దామనుకున్నాను. ఆయన ఆరోగ్యం కోసమని చెప్పుకోవచ్చు. కానీ అసలు సంగతి అది కాదు. ఆ రుచి ఎలా ఉండాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి వంక పెట్టేదెవరు?

కొట్టు నుంచి తెల్ల నువ్వులు తెప్పించాను. ఒకప్పుడు నువ్వులు వేగితే పెరట్లో ఉన్నా ఆ వాసన వచ్చి నన్ను పిలిచేది. ఇప్పుడు చిటపటలు వింటూ, రంగు చూసుకుంటూ దించాను. రోట్లో నూనె తేలేదాకా నూరాను. సోయా సాస్, మేము సిర్కా అనే వెనిగర్, చిటికెడు చక్కెర, చెంచాడు నువ్వుల నూనె, పలచబడటానికి కాసిన్ని నీళ్లు. చివర్లో చెయ్యి ఊరుకోక, రోజూ పప్పులో వేసేంత ఉప్పు వేసింది. సోయా సాస్ అసలే ఉప్పుటేరని నాకప్పుడు తెలియదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది.

మధ్యాహ్నం భోజనంలో మా ఆయన ఆ ముద్ద పోసిన కీర ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"జపానోల్లు గిట్లనే తింటరా?"

నేను నోరు తెరిచేలోపే, హైదరాబాద్ దాటి ఎరగని అత్తమ్మ అందుకుంది. "ఆఁ, గిట్లనే తింటరు. దవా అనుకొని తిను."

తన పళ్లెంలోది ముక్క మిగల్చకుండా తిన్నది.

ఆయన కొట్టుకు పోయాక పళ్లేలు తీస్తుంటే, అత్తమ్మ చెంబెత్తి నీళ్లు తాగుతోంది. మళ్లీ నింపుకుంది. మళ్లీ తాగింది.

"ఉప్పెక్కువైందా అత్తమ్మా?"

"జహరున్నది, ఉత్త ఇషమే," అన్నది మూతి తుడుచుకుంటూ. "రోజు నువ్వు బట్టలు ఆరెయ్యవోంగనే పప్పు, కూర నేనే సరిజేస్తున్న. ఎక్కువైతే ఇంత చింతపులుసు, తక్కువైతే ఇంత ఉప్పు. దీన్ని ఎట్ల సరిజెయ్యాల్నో తెల్వలే బిడ్డా."

"ఎప్పటిసంది?"

"నీ జొరం తగ్గినకాన్నుంచి."

"ఇంక ఎవలకన్న తెలుసా?"

"నాకు తెలుసు. సాలదా?"

సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆమెను ఏమనుకున్నానో గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

ఆమె అదేమీ చూడలేదు. డబ్బాలో మిగిలిన నువ్వులు కడాయిలో పోసి, గరిటె తెచ్చి నా చేతికే ఇచ్చింది. పక్కన నిలబడింది. నేను తిప్పుతున్నాను. నువ్వులు చిటపటలాడాయి. నాకు ఏ వాసనా రాలేదు. అత్తమ్మ ముక్కు కడాయి మీదికి వంచి, ఒకసారి పీల్చి, "ఇగ దించు" అన్నది.

దించాను.