కిందికి దిగే దారి

మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లడాన్ని యాత్ర అంటే నవ్వుతారని తెలుసు. అయినా, ఆదివారం బట్టల కొట్టుకు బయలుదేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా చెల్లెలి గృహప్రవేశానికి చీర కొందామని నేనూ మా ఆవిడ పద్మజా పదింటికి ఆటో ఎక్కాం. ఎల్బీ నగర్‌లో మెట్రో. మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్, సీటు దొరికిందని సంతోషించేలోపే దిగిపోవాలి. మెట్రో మెట్ల పక్కన ఇడ్లీ తిని, పదకొండింటికి కొట్లో అడుగుపెట్టాం.

నాలుగంతస్తుల కొట్టది. చీరలు పైన. ఎక్కడానికి ఎస్కలేటర్ ఉంది, దిగడానికి మెట్లే. ఆ మెట్లూ ఒకచోట ఉండవు. ఒక అంతస్తు దిగితే తర్వాతి మెట్ల కోసం ఆ చివరిదాకా నడవాలి, దారి పొడవునా బట్టలు చేతికి తగులుతూనే ఉంటాయి. రెండో అంతస్తంతా చిన్నపిల్లలది. బుల్లి గౌన్లు, బుల్లి జుబ్బాలు. అది దాటితేగానీ బిల్లు కౌంటర్ రాదు. ఆ దారి ఎవడు గీశాడోగానీ మహా గడుసువాడు. పిల్లలున్నవాళ్లు ఏదో ఒకటి కొనకుండా అక్కణ్ణుంచి కదలరు. పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేని మాలాంటివాళ్ల సంగతి అతనికి తట్టి ఉండదు.

వెనక గోడౌను పక్కన ఒక లిఫ్ట్ ఉంది. బోర్డు పెట్టరు. పద్మజ బాధపడకూడదని నేనెప్పుడూ అందులోనే కిందికి తీసుకొచ్చేవాణ్ణి. ఈసారి చీర తీసుకుని అటు తిరిగేసరికి తను మెట్లవైపు వెళ్లిపోతోంది.

"లిఫ్ట్ ఇటు పద్మా!"

"ఇటే వెళ్దామండీ," అంది.

నేను చేరేసరికి పసుపు గౌను ఒకటి పట్టుకుని నిలబడి ఉంది. కొట్లో పనిచేసే అమ్మాయి నవ్వుతోంది. "మీరు గుర్తున్నరక్కా! పోయినేడు రెండేండ్ల సైజు తీస్కపోయిన్రు గదా. పాపకిప్పుడెన్నేండ్లు?"

"మూడు," అంది పద్మజ, నావైపు చూడకుండా.

పోయినేడాది గౌను మా బీరువాలో ఏ చీరల కింద ఉందో నాకు తెలియదు. నేను బాధపడకూడదని తను ఒక్కతే వచ్చి కొనుక్కుందన్నమాట. నాకూ పాప కావాలనే ఉంది. ఎంతగా ఉందో ఆ పసుపు గౌను చూశాకే తెలిసింది. చీరతోపాటు దానికీ నేనే బిల్లు వేయించాను.

తిరుగు మెట్రోలో సంచిలోంచి గౌను అంచు బయటికి కనిపిస్తోంది. నల్లగొండ బస్సు కోసం ఎల్బీ నగర్ వెళ్తున్న ఒక పెద్దావిడ మా పక్కన కూర్చుని దాన్ని ముట్టి చూసింది. "మంచిగుంది బిడ్డా. పాపకా?"

"అవునండీ, మూడేళ్లు," అన్నాను నేను. తను చటుక్కున నా మొహంలోకి చూసింది.

"పేరేంది?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "ఇంకా పెట్టలేదండీ," అన్నాను.

"ఓయమ్మ! మూడేండ్లొచ్చినా పేరు పెట్టకుంటెట్ల? ఏమని పిలుస్తున్రు మరి?" అని కోప్పడింది ఆవిడ.

ఎల్బీ నగర్‌లో దిగి ఆటో ఎక్కాక పద్మజ మెల్లగా అంది, "నిజమే, ఏమని పిలుద్దామండీ?"

దారంతా పేర్లు అనుకుంటూనే ఉన్నాం. తనకు నచ్చింది నాకు నచ్చలేదు, నాది తనకు నచ్చలేదు. అంతలో ఇల్లు వచ్చేసింది. ఇంకో రెండు సందులు తిప్పి తీసుకురమ్మన్నాను ఆటో అతన్ని.