అలారం నోరు నొక్కేశారు

ఏక్‌బాల్‌పూర్‌లో ఒక బట్టల దుకాణం పైనున్న కంప్యూటర్ సెంటర్లో నేను రెండేళ్లు టైపింగ్ నేర్పాను. లెఫ్ట్ ప్రభుత్వం ఇంకా గట్టిగా ఉన్న రోజులవి. ఆరు కంప్యూటర్లు, ఒక్క కిటికీ, వేసవిలో గదంతా ఉడికిపోయేది.

ఏప్రిల్‌లో మెకానిక్ వచ్చి కిటికీ పక్క కంప్యూటర్‌లో ఫ్యాన్ మార్చి వెళ్లాడు. వారం తిరక్కుండానే అది కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. మళ్లీ పిలిచారు. అతను డబ్బా మూత కూడా తీయలేదు. ఆన్ చేస్తూనే డిలీట్ మీట నొక్కి, వచ్చిన నీలం తెర మీద ఏదో మార్చాడు. అరుపు ఆగిపోయింది.

"ఓ కిఛు నా," అన్నాడు బెంగాలీలో, అదేమీ లేదని. యజమాని సంతోషించాడు.

మర్నాటి నుంచి ఆ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయేది. గుమాస్తా పరీక్షకు సాధన చేస్తున్న ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, మూడు పేజీలు కొట్టాక తెర నల్లబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. యజమాని వచ్చి అందరి ముందూ నన్నే తిట్టాడు.

"రోజంతా వాడించి పాడుచేశావు. ఆడవాళ్ల చేతికి మెషీన్ ఇస్తే ఇంతే."

ఎదురు చెప్పనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన ఓడరేవు డాక్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యారు. కంప్యూటర్ ఎన్నడూ ముట్టుకోలేదు.

"కుయ్‌మన్నాదంటే ఏటో సెప్తన్నాది గదే. ఆడేటి సేసినాడు?"

"అరుపు ఆపేశాడు నాన్నా."

"మీటరు ఎర్రగీత దాటితే మెషీను ఆపాల గానీ, గంట కోసీడమేటే!" ఆయనకీ కోపమొచ్చింది. "పక్కదాని మీటరు కూడా సూడు. రెండూ సూస్తే గానీ తెల్దు."

మర్నాడు నేర్చుకునేవాళ్లు రాకముందే వెళ్లి, ఒకే రకానివైన రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఆన్ చేశాను. డిలీట్ నొక్కితే వచ్చే నీలం తెరలో వేడి చూపించే పేజీ వెతికి అంకెలు కాగితం మీద రాసుకున్నాను. పాడైనదాంట్లో ప్రాసెసర్ ఎనభై రెండు డిగ్రీలు, మదర్‌బోర్డు నలభై మూడు. పక్కదాంట్లో ప్రాసెసర్ యాభై ఒకటి, బోర్డు నలభై రెండు.

రెండింటి అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చాను. బోర్డు అంకె డబ్బా లోపలి గాలి వేడిని చెబుతుంది. అది రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. అంటే తప్పు వేసవిది కాదు. అప్పుడే ఆన్ చేశాను, కాబట్టి వాడకానిదీ కాదు. ఫ్యాన్ కూడా తిరుగుతోందని తెరే చెబుతోంది. ప్రాసెసర్ వేడి ఒక్కటే బయటికి పోవడం లేదు. కింద అలారం అన్న వరుసలో డిసేబుల్డ్ అని ఉంది. మెకానిక్ ఆపేసి వెళ్లింది దీన్నే.

కరెంటు తీసి, మూత విప్పి, యజమానిని పిలిచాను. ఫ్యాన్ కింద వేడిని లాగే అల్యూమినియం దిమ్మ ఒక మూల పైకి లేచి ఉంది. వేలితో తాకితే ఊగింది.

"దాదా," అన్నాను, అన్నా అన్నట్టు. "దీన్ని మీ మెకానిక్ సరిగా బిగించలేదు. కాలిపోతున్నానని ఇది మొత్తుకుంటే నోరు నొక్కాడు. మీరు నన్ను తిట్టారు."

ప్రాసెసర్ వేడిని దిమ్మకు అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది తెప్పించి రాసి, నాలుగు మూలలూ నేనే బిగించాను. మళ్లీ ఆన్ చేస్తే ప్రాసెసర్ యాభై మూడు చూపించింది. అలారం మళ్లీ పెట్టాను.

మధ్యాహ్నం ఆయన క్లాసులోకి వచ్చి, "మెకానిక్ చూసి బాగుచేశాడు," అన్నాడు.

"మెకానిక్ కాదు, నేను," అన్నాను లేచి నిలబడి.

ఆ రోజు టైపింగ్ చెప్పలేదు. ఒక్కొక్కరి చేతా ఆ పేజీ తెరిపించి, రెండు అంకెలూ పోల్చి చూడడం నేర్పాను. "ఆరింట్లోనూ బోర్డు వేడి పెరిగితే?" అని ఆ ఇద్దరు పిల్లల తల్లి అడిగింది. అప్పుడు తప్పు గదిదే, కిటికీ తెరవమన్నాను.

నెలాఖరుకు యజమాని నన్ను మాన్పించేశాడు. క్షమాపణ అడగలేదు సరికదా, నాకు పొగరన్నాడు. తర్వాత లిలువా అనే చోట ఇంకో సెంటర్లో చేరాను. మొదటి రోజే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని నా సొరుగులో పెట్టుకున్నాను.