లేని దర్వాజ, దొరకని రోలు

ఆ ఎండకాలాలు తల్చుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లకు ఇసుక తగులుతది. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున చేపలు పట్టే చిన్న ఊరు మాది. సముద్రం చూసినోడు ఒక్కడు లేడు. అయితేనేం, డ్యాం నీళ్లు వెనక్కి పోయినయంటే కనుచూపు మేర ఇసుకే. సాయంత్రం వలలు ఆరేసి ఇంటిల్లిపాది నడకకు పోయెటోళ్లం. (తొమ్మిదో తరగతిల బడి నన్ను ఇడిసిపెట్టింది కాబట్టి నాకు ఏడాదంతా సెలవులే.)

ముందు మా అవ్వ, అంటే నాయిన తల్లి, నడిచేది. నీళ్లు తగ్గితే మునిగిపోయిన మా పాత ఊరు బయటపడేది. ఊరంటే ఏముంది, మోకాలెత్తు మొండిగోడలు. అవ్వ మా ఇంటి ముందర ఆగి "చెప్పులు ఇడువుండ్రి" అని, లేని దర్వాజ కింద తల వంచి లోపలికి పోయేది. వెనక నాయిన గుడ బుద్ధిగ వంగేటోడు. నేను మాత్రం ఛాతి ఇరుసుకొని నడిచేటోన్ని. "నెత్తి తాకుతది రా!" అనేది అవ్వ. "తాకితే గాలికే బొప్పి కడతది అవ్వా" అనేటోన్ని.

అవ్వ పోయేది రోలు కోసం. ఊరు ఖాళీ చేసిన నాడు బండిల జాగ లేక ఇడిసిపెట్టిన రోలు. మళ్ల నీళ్లు రాకముందే దొరకాలని రోజూ వంటింటి మూల ఇసుక గోకేది. ఒక ఏడాది మబ్బులు పట్టేసరికి అవ్వ నవ్వుడు బంద్ చేసింది. నాకు మనసాగలే. ఒక పగటిపూట అందరు పండుకున్నంక, మూడిండ్ల అవతల కనబడ్డ రోలును దొర్లించి తెచ్చి, అవ్వ గోకే మూలల సగం పూడ్చిన.

సాయంత్రం అవ్వ చేతికి రాయి తగిలింది. రోటి గుంతల చెయ్యి పెట్టి శానసేపు కండ్లు మూసుకుంది. అమ్మ కొంగుతోటి కండ్లు ఒత్తుకుంది. నేను ఆకాశం దిక్కు చూసుకుంట ఈల వేసిన.

తిరిగొస్తుంటే అవ్వ నా పక్కకొచ్చింది. "ఏందిరా, నడుం పట్టుకున్నవ్?"

"ఊకెనే అవ్వా."

"అది నా యారాలి రోలు, మీ తాత తమ్ముని పెండ్లాంది. నాదానికి అంచు పగిలింది. అసలే యారాలికి నాకు మాటల్లేవు. ఇప్పుడు రోలు గుడ ఎత్తుకపోయిందంటది. రేపు మళ్ల పెట్టిరా." నాలుగడుగులు వేసి మెల్లగ అన్నది, "పాపం, అది గుడ వెతుక్కుంటుంటది."

మర్నాడు ఎండల నేను రోలు దొర్లిస్తుంటే అవ్వ ముందు నడిచి తొవ్వ చూపింది. "అట్ల పోకు, అది వాళ్ల దేవుని అర్ర, దీపం పెట్టే జాగ. చుట్టు తిరిగి రా." యారాలి గడప కాడ ఆగి "వంగు" అన్నది. "వంగే ఉన్న గదా అవ్వా, నడుం లేస్తలేదు!" అన్న. అవ్వ పక్కలు పట్టుకొని నవ్వింది, మబ్బులు పట్టినంక మొదటిసారి. వారానికి నీళ్లొచ్చినయి. అవ్వ రోలు దొరకనే లేదు.

ఇప్పుడు అవ్వ లేదు. నీళ్లు తగ్గినప్పుడు నా పిల్లలను తోలుకపోత. వాళ్లు గోడల మీద దుంకుతరు. నేను చెప్పులిడిసి, తల వంచి లోపలికి పోత. "నీ ఎత్తుకు నిజమైన దర్వాజ ఉన్నా తాకదు" అని నా ఇంటామె నవ్వుతది. నవ్వనీ అనుకుంట, ఆమె చూడనప్పుడు వంటింటి మూలల ఇసుకను కాలితోటి జర గోకి చూస్త.